విరుగుడు

నాకు నోటి దురుసు ఎక్కువ, పాఠం చెప్పేటప్పుడు మరీను. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు అనగానే తొమ్మిదో తరగతి పిల్లలు జావగారిపోతారు. అందుకని తటస్థీకరణ అనే కొరకరాని కొయ్యను పక్కనపెట్టి నేనే రెండు మాటలు కట్టి ఇచ్చాను. ఆమ్లానికి క్షారం విరుగుడు, క్షారానికి ఆమ్లం విరుగుడు. ఇది ఒకటి. నీళ్లలో యాసిడ్ పొయ్యి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకు. ఇది రెండోది. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పాలని నా హుకుం. చెప్పలేని వాళ్లను బెంచీ ఎక్కించేదాన్ని.

చిలక ఒక్కరోజు కూడా బెంచీ ఎక్కలేదు. ఆ పేరు నేను పెట్టిందే. విన్నది విన్నట్టు పొల్లుపోకుండా అప్పజెప్పేది. తల్లి లేదు. తండ్రి బ్యాటరీలు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. బడి వదలగానే అక్కడికే వెళ్లి, ఓ పాత టైరు మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది.

ఆ సాయంత్రం ఆ పిల్ల చూస్తుండగానే బ్యాటరీ ఒకటి తండ్రి చేతిలోంచి జారి పగిలింది. యాసిడ్ ఎగజిమ్మి ఆయన కుడికంట్లో పడింది. పక్కనున్న మేస్త్రీ నీళ్ల బక్కెట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చిలక అడ్డం పడింది.

"నీళ్లు పొయ్యొద్దు బాబాయ్! యాసిడ్ మీద నీళ్లు పోస్తే ఇంకా చిమ్ముతుంది, మా టీచర్ చెప్పారు. విరుగుడు కావాలి!"

నేల మీద యాసిడ్ ఒలికితే చల్లడానికి ఆ షాపులో ఓ డబ్బా నిండా సున్నం ఉంచుతారు. సున్నం క్షారమని చెప్పింది కూడా నేనే. చిలక గుప్పెడు తీసి, చెంబెడు నీళ్లలో కలిపి తండ్రి కంట్లో పోసింది. ఆయన పెట్టిన కేకకు వీధి వీధంతా పోగైందట. "కాస్త ఓర్చుకో నాన్నా, ఉప్పూ నీళ్లూ అయిపోతుంది" అని చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పిందట.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. చిలక మందుల కోసం కిందికి వెళ్లింది. కంటి డాక్టరు నన్ను ఇంటి మనిషిననుకుని దులిపేశాడు.

"వెంటనే అరగంట నీళ్లతో కడిగి తీసుకొస్తే కన్ను దక్కేదమ్మా. సున్నం యాసిడ్ కన్నా పాడుది, లోపలికంటా తినేస్తుంది. ఎవరా తెలివిగల మనిషి?"

"నేనేనండి, కంగారులో పోసుకున్నా" అన్నాడు మంచం మీదున్న తండ్రి.

డాక్టరు వెళ్లాక నా వైపు తిరిగాడు.

"పాపకి చెప్పకండి టీచరమ్మా. యాసిడ్ వల్లే పోయిందనుకుంటోంది, అలాగే అనుకోనివ్వండి. నా కన్ను ఎలాగూ పోయింది. ఈ సంగతి తెలిస్తే అది తట్టుకోలేదు."

చెప్పనని మాట ఇచ్చాను. ఆయన కోసమే అనుకున్నాను. కాదు, నా పరువు కోసం కూడా. ఛీ, పాడు బుద్ధి!

పది రోజులకు చిలక బడికి వచ్చింది. పిల్లలంతా చుట్టూ మూగారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"టీచర్ చెప్పినట్టు చేశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే రెండో కన్ను కూడా పోయేది" అంటోంది.

"మా అమ్మకి కూడా బాత్రూంలు కడిగే యాసిడ్‌తోనే పని కదా" అంది వెనక బెంచీ పిల్ల. "నువ్వు చేసింది విని సున్నం సీసాలో పోసిచ్చా. రోజూ సంచిలో వేసుకెళ్తోంది."

నోరు మూసుకుంటే ఇంకొకరి కన్ను పోతుంది. నోరు విప్పితే ఈ పిల్ల ఏమైపోతుందో. లోపలికి వెళ్లి బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"అందరూ వినండర్రా. యాసిడ్ ఒంటి మీద పడ్డా, కంట్లో పడ్డా నీళ్లే పొయ్యాలి. ధారగా, ఆపకుండా, అరగంట. సున్నం, సోడా ఏదీ దగ్గరికి రానివ్వద్దు. నేను చెప్పిన విరుగుడు ల్యాబ్ సీసాలో పనికొస్తుంది, మనిషికి కాదు."

చిలక లేచి నిలబడింది.

"మరి నేను సున్నం పోశాను కదా టీచర్?"

"అవునమ్మా."

"నీళ్లు పోసుంటే నాన్న కన్ను ఉండేదా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

"ఉండేదే తల్లీ. తప్పు నీది కాదు. నేర్పిన దాన్ని నేను."

చిలక ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. సంచిలోంచి పుస్తకం తీసి, వేలు పెట్టి ఒక్కో లైనూ వెతికింది. పాఠం చివర చిన్న అక్షరాలతో ఉన్న జాగ్రత్తల దగ్గర వేలు ఆగింది. ఆమ్లం పడితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి అని ఉంది అక్కడ. ఆ పేరా మీద పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి ఉంది.

"ఇందులో ఉంది టీచర్. మీరే కొట్టేయమన్నారు. ఎందుకు?"

"పరీక్షలో రాదని" అన్నాను.