మళ్ళీ కొలతలు

కొత్త డ్యూటీ కోటు ఇస్త్రీ చేస్తున్నాను. "మళ్ళీ బయల్దేరావా? ఊళ్ళోవాళ్ళ మనసులు తడుముతూ నువ్వు తిరుగుతుంటే ఇక్కడ మా కంచాలు ఎండిపోతున్నాయి" అన్నారు మా ఆయన. తన జోకుకి తనే నవ్వుకున్నారు కూడా. మూడు వారాల క్రితమైతే నేనూ నవ్వేదాన్ని.

ఆరోగ్య కేంద్రం తరఫున ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళని తొమ్మిది ప్రశ్నలు అడగడం నా ఉద్యోగం. నిద్ర చెడిందా, ఆకలి తగ్గిందా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని శిక్షణలో మరీ మరీ చెప్పారు. ఏ ఇంట్లో ఒంటరిగా దొరుకుతుంది ఆడది? పైగా రోజుకి పాతిక ఇళ్ళు. ఎవరైనా అవునన్నా డాక్టరు వచ్చేది నెలకోసారి. ఇవన్నీ నిజాలే. అయినా ఆ రోజు నన్ను తరిమింది మాత్రం మామగారి అన్నం వేళ.

నేను తిరిగే ఇళ్ళలో ఒకామె ఇంట్లోనే కుట్టుపని చేసేది. నా కోటు గుడ్డ వారం ముందే ఇచ్చాను, కొలతలూ తీసుకుంది. ఆ రోజు ప్రశ్నలడగడానికి వెళితే వాళ్ళ అత్తగారు కుర్చీ లాక్కుని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. "మా కోడలికేం దిగులమ్మా, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. అలాగే రాసుకో." ఒక్కో ప్రశ్నకీ ఆమె అత్తగారి వైపు చూసి "లేదక్కా" అంది. తొమ్మిదింటికీ అదే జవాబు. నేను గబగబా టిక్కులు పెట్టేశాను. సంచిలో ఫోను మోగుతూనే ఉంది.

గేటు దాకా నా వెనకే వచ్చింది. "అక్కా, కొలతలు మళ్ళీ తీసుకోవాలి. లోపలి గదిలోకి వస్తావా? ఐదు నిమిషాలు చాలు."

"మొన్నేగా తీసుకున్నావు? వాటితోనే కుట్టెయ్యి తల్లీ. మా మామగారు అన్నానికి కూర్చునే వేళ."

నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ తనే వదిలేసింది. "సరే అక్కా, నీకు ఆలస్యమవుతుంది" అంది. పరుగున ఇంటికొచ్చి వడ్డించాను. కూరలో ఉప్పు తక్కువైందన్నారు మామగారు.

ఐదో రోజున ఆమె తన ప్రాణం తీసుకుంది. మా సూపర్‌వైజరు కాగితాలు తిరగేసి, "అన్నిటికీ లేదనే కదా రాశావు, నీకు ఏ ఇబ్బందీ రాదులే" అని నా భుజం తట్టింది. బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

నిన్న వాళ్ళ అత్తగారు పిలిచి ఒక పొట్లం ఇచ్చింది. "నీదేనటగా. ఎప్పుడు కుట్టిందో ఏమో, పెట్టెలో దొరికింది" అంది, నా మొహంలోకి చూడకుండా.

ఇస్త్రీ ముగించాను. "ఒంటిగంటకల్లా వచ్చెయ్, నాన్న ఆగలేరు" అన్నారు మా ఆయన.

"మీ నాన్నకి మీరు పెట్టండి. ఈ రోజు ఎన్ని ఇళ్ళయితే అన్నే. తలుపేసుకుని మాట్లాడతాను" అన్నాను. ఆయన ఇంకేదో అంటున్నారు. ఫోను బల్ల మీదే వదిలేసి కోటు తొడుక్కున్నాను.

భుజాలు, చేతులు, నడుము, ఎక్కడా వేలెడు తేడా లేదు. ఆమె మళ్ళీ కొలవాల్సింది ఏమీ లేదు.