అడుగుల అరిసెలు

పున్నారావు ఇంట్లో ఆటపట్టించడానికి మనిషి లేడు. భార్య పోయాక, రేపల్లె రైసు మిల్లు నుంచి రోజూ ఇంటికొచ్చి, తాళం తీసి, "ఎవరే లోపల, దొంగా?" అని తనే అడిగి, తనే నవ్వుకుని లైటు వేసుకునేవాడు. అందుకే తెనాలి నుంచి మేనకోడలు భవ్య ఫోను చేసి, పాప అడుగులేసిందనీ ఆదివారం అరిసెలు వండుతున్నామనీ చెప్పేసరికి, పొద్దున్నే మొదటి బండికే ఎక్కేశాడు.

ఆ ఇంట్లో అతనికి మంచి పేరేమీ లేదు. భవ్య పెళ్లిలో పెళ్లికొడుకుని పక్కకి పిలిచి, పెళ్లికూతురికి కవల చెల్లెలుంది, తాళి కట్టేముందు ఓసారి సరిచూసుకో బాబూ అని చెప్పిన ఘనుడు. కిందటేడు బియ్యం డ్రమ్ములో పాముందని అక్క హైమావతిని మంచం ఎక్కించి, ఆవిడ కోసం వేసిన పెసరట్టు తీరిగ్గా కూర్చుని తిన్నాడు.

అతను వెళ్లేసరికి వంటింట్లో గ్యాసు పొయ్యి నేల మీదికి దిగి ఉంది. అరిసెలు ఒక్కరి పని కాదు. ఒకరు వేయించి తీస్తుంటే ఇంకొకరు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తాలి. అందుకని వాళ్లింట్లో ఎప్పుడూ కింద కూర్చునే వండుతారు. హైమావతి మూకుట్లో నూనె పోసి అప్పుడే వెలిగించింది. పక్కనే గిన్నెలో పాకం పట్టిన చలిమిడి. వంటింటి గుమ్మానికి అడ్డంగా, పాప పాకే రోజుల నుంచీ పెడుతున్న పీట నిలబెట్టి ఉంది.

పాప, తల్లి చేతులు విడిపించుకుని, తప్పతాగినవాడిలా తూలుతూ వచ్చి పున్నారావు లుంగీ పట్టుకు లాగింది. అతను నవ్వుతూనే పరువు కాపాడుకున్నాడు. అక్కణ్ణుంచి పాప గుమ్మం దగ్గరికెళ్లి, పీట అంచు రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు పైకెత్తింది. భవ్య మురిసిపోయి ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది.

పున్నారావు నవ్వు అక్కడే ఆగింది. ఆ పీట పాకే పిల్లకి పెట్టిన అడ్డు. ఇప్పుడిది నడిచే పిల్ల, అందిందల్లా పట్టుకు లాగే పిల్ల. మూకుడు చెవులు సరిగ్గా దాని గుండెల ఎత్తున ఉన్నాయి.

"అక్కా, పొయ్యి గట్టు మీదికి మార్చు. పిల్లకి కాళ్లొచ్చాయి."

"కాళ్లొచ్చాయనేగదరా ఈ వంటంతా," అంది హైమావతి.

"నిజంగానే చెప్తున్నా."

"పామప్పుడూ ఇలాగే చెప్పావు."

తాము మూకుడు మోస్తుంటే చలిమిడి మింగేద్దామని మావయ్య ప్లానేమోనని భవ్య నవ్వింది. నిజం చెప్పేటప్పుడు ఎలాంటి మొహం పెట్టాలో తెలుసుకునే అవసరం పున్నారావుకి ఏనాడూ పడలేదు. వాళ్లు నవ్వుతుంటే అతని మొహం కూడా అలవాటు కొద్దీ నవ్వేసింది. ఇంకెవరు వింటారు?

మిగిలింది తనకొచ్చిన విద్య ఒక్కటే. వంగి సిలిండరు ఆపి, రెగ్యులేటరు ఊడబీకి జేబులో వేసుకున్నాడు. నూనె ఇంకా గోరువెచ్చగానే ఉంది. పొయ్యి గట్టెక్కితేనే ఇస్తానన్నాడు.

హైమావతి ముందు బతిమాలింది, తర్వాత తిట్టింది. చలిమిడి బిగుసుకుపోతే అరిసెలు విరుగుతాయనీ, పిల్ల అడుగుల అరిసెలు విరగడం ఏం శకునమనీ మొత్తుకుంది. అతను కదల్లేదు. చివరికి తల్లీకూతుళ్లు పొయ్యి పైకెక్కించి, నుంచుని వండారు. సగం అరిసెలు విరిగాయి.

"నిన్ను పిలవడం నాదే తప్పు," అంది హైమావతి, గొంతు పెంచకుండా. "ఇంకెప్పుడూ రావద్దురా."

ఆవిడ అటు తిరిగిన కాసేపటికి పాప పీట దాటింది. పడింది, లేచింది, ఇందాక పొయ్యి ఉన్న చోటికి తిన్నగా వెళ్లి, కింద మరిచిపోయిన చిల్లుల గరిటె లాక్కుని నేలకేసి కొట్టింది. వాళ్లని పిలిచి చూపిద్దామని పున్నారావు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పిల్లని నువ్వే అక్కడ కూర్చోబెట్టావంటారు. ఎత్తుకెళ్లి భవ్య చేతికిచ్చి, చెప్పులేసుకున్నాడు.

సాయంత్రం రేపల్లె బండి బోసిగా ఉంది. ఎదురుగా ఎవరైనా ఉంటే, ఇది బాపట్ల బండి అని చెప్పి కంగారు పెట్టేవాడే. ఎవరూ లేరు. పిల్ల ఇవాళ నడిచింది. కొన్నాళ్లకి ఎక్కుతుంది. ఎక్కడం వస్తే ఆ గట్టు కూడా దానికి నేలే. ఆ రోజున తనకి కబురెవరు చేస్తారు? వేమూరులో బండి ఆగినప్పుడు ఫోను తీశాడు.

"అమ్మాయ్, గట్టు పక్కన స్టూలుంది. తీసెయ్యమ్మా. అది త్వరలో ఎక్కుద్ది."

భవ్య నవ్వలేదు. ఎవరే అని వెనక నుంచి హైమావతి గొంతు వినిపించింది.

"ఎవరూ కాదమ్మా. రాంగ్ నంబరు."

కానీ ఫోను పెట్టెయ్యలేదు. పున్నారావు చెవికి ఆనించుకునే ఉన్నాడు. అవతల స్టూలు ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు, వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బయటికి. తర్వాత ఫోను కట్టయింది. ఖాళీ పెట్టెలో పున్నారావు ఒక్కడూ ఉన్నాడు. బండి కదిలింది.