ఆదాము పేరున లైన్ క్లియర్

సబ్‌స్టేషన్‌లో ఎనిమిది గంటల రీడింగు రాసి ఆదాము లాగ్‌బుక్కు చివరి పేజీ తిప్పాడు. అక్కడ ఏమీ లేదు. ఖాళీ గళ్లు మాత్రం ఉన్నాయి. మొదటి పేజీకి వచ్చాడు. రాత్రి పన్నెండు నుంచి ఇప్పటిదాకా తన చేతిరాతే. అప్పుడు తెలిసింది, రాత్రి పాత పుస్తకం నిండితే తానే కొత్తది తీశాడని.

టిఫిన్ డబ్బాతో గడప పక్కన కూర్చున్న భార్య సంపూర్ణ ఆయన చేతులనే చూస్తోంది. రెండో శనివారం, టీచరైన ఆమెకు బడి లేదు. ఆయన డ్యూటీ దిగగానే ఇద్దరూ ఇటునుంచి ఇటే ఖమ్మం పోవాలని అనుకున్నారు.

"పాత బుక్కు ఏదిరా పగిడయ్యా?" అన్నాడు ఆదాము.

డ్యూటీ మారడానికి వచ్చిన పగిడయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "జీపుల ఏసినన్నా. నువ్వు యార్డుల ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ చూస్తున్నవు గద, అప్పుడొచ్చిండ్రు. నిండిన బుక్కులన్నీ డివిజనాఫీసుకు పంపమన్నరు. ఏమైందన్నా?"

ఆదాము బల్ల మీది దుమ్మును అరచేత్తో ఒకసారి తుడిచాడు.

ఆ పుస్తకం చివరి పేజీలో ఎనిమిది నెలల పని ఉంది. రాత్రి డ్యూటీల్లో ఒక రీడింగుకూ ఇంకో రీడింగుకూ మధ్య ఫోన్లో వీడియోలు చూసి, సగం అర్థమై సగం కాక, మళ్లీ చూసి, ఒక్కొక్కటే రాసుకున్నాడు. కంప్యూటరు బిగించడానికి ఏ భాగాలు కొనాలి, ఎందుకు కొనాలి. వరుస సంఖ్య, వస్తువు, కారణం అని మూడు గళ్లు. ఇంట్లో కాగితాలు లేక కాదు. ఆ పుస్తకంలో రాసింది జరిగినట్టు, రాయనిది జరగనట్టు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకు అబ్బిన అలవాటు అది.

"నీ తప్పేం లేదురా. సర్కారు బుక్కుల సొంత ముచ్చట రాసుకున్న, నాదే తప్పు."

"ఏం రాసినవే?"

"కంప్యూటర్ సామాను."

పగిడయ్య నవ్వాడు. "ఇంకో మూడు నెల్లకు ఇంటికి పోతవ్, గిప్పుడు నీకు గీ పని ఏందన్నా? తయారున్నది ఒకటి కొనుక్కొని అక్కకియ్యరాదు, పిలగాండ్ల మార్కులు ఎక్కించుకుంటది."

జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. లైన్‌మన్ జైరాం. బయ్యారానికి కరెంటు పోయే ఫీడరు లైను మీద కొమ్మ పడింది, లైన్ క్లియర్ కావాలి. పగిడయ్య లేచాడు గాని పుస్తకంలో ఇంకా సంతకం మారలేదు, డ్యూటీ ఆదాముదే. ఆదాము ఫీడరు ఆపాడు. మేకుకు ఉన్న ఎర్ర రేకు తీసి హ్యాండిలుకు తగిలించాడు. దాని మీద తెల్ల అక్షరాలు, "మనుషులు పని చేస్తున్నారు". టైము రాసి, పక్కన జైరాం పేరు రాశాడు.

సంపూర్ణ ఈ పని వందసార్లు చూసింది. లైను మీద పనిచేసేవాడు స్తంభం ఎక్కే ముందు కరెంటు ఆపించుకుని ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఎవరి పేరున తీసుకుంటే వాళ్లే, దిగినాక, తమ నోటితో వాపసు ఇవ్వాలి. అప్పటిదాకా ఆ రేకును ఎవరు చెప్పినా తీయకూడదు. ఒకసారి ఇదే జైరాం స్తంభం మీదుండగా పై అధికారి ఒకాయన రెండుసార్లు ఫోన్ చేసి కరెంటు ఇవ్వమన్నాడు. ఆదాము ఇవ్వలేదు. మెమో వచ్చింది. ఆ మెమో ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. జైరాం పెళ్లి కార్డు కూడా దాని పక్కనే ఉంది.

పగిడయ్యకు చెప్పని జవాబు ఆయన సంపూర్ణకు ఎప్పుడో చెప్పాడు. చింతపండు పిసుకుతున్న ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని చెప్పాడు. "ముప్పై ఏళ్లల్ల నా ఇష్టంతోటి ఒక్క స్విచ్ ఎయ్యలె సంపూర్ణా. ఎవరో చెప్తరు, ఏస్త. ఎవరో చెప్తరు, తీస్త. రిటైరయ్యే లోపల ఒక్కటి, మొదటి నుంచి నేనే బిగిచ్చి, నేనే ఏస్త." ఆమె చింతపండు పిప్పి తీసి పారేసి, "ఎయ్యి మరి, ఎవరొద్దన్నరు," అంది.

పుస్తకంలో సంతకం పగిడయ్యకు మారి, గేటు దాటినాక సంపూర్ణ అడిగింది. "లిస్టు లేకుండ ఎట్ల? ఇంకోనాడు పోదామా?"

"ఈ రాత్రికి లీవు రాసిన గద," అన్నాడు ఆదాము.

*

కొత్తగూడెంలో బస్సు మారినాక కిటికీ పక్క సీటు దొరికింది. సంపూర్ణ సంచిలోంచి బడి నోటుబుక్కు తీసి, పెన్ను పట్టుకుని, పిల్లవాడిని ఎక్కం అడిగినట్టు అడిగింది. "ఊఁ, చెప్పు."

ఆదాము కళ్లు మూసుకున్నాడు. రెండు ఊళ్లు దాటాయి.

"పేర్లు యాదికొస్తలేవు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, నంబర్లు. కారణాలు మాత్రం యాదికున్నయ్."

"కారణాలే చెప్పు. రాస్త."

ఆయన చెబుతుంటే ఆమె రాసింది. ఎంత బాగా చెబుతున్నాడో ఆమెకు ఆశ్చర్యం వేసింది. మామూలుగా ఆయనకు మాటలు తక్కువ. పెళ్లిచూపుల్లో కూడా "ఊఁ" అన్నాడంతే. అయితే అవి నిజంగా చూపులు కావు. అంతకు ముందే చూసుకున్నారు.

ఖమ్మంలో బస్సు దిగి నడుస్తుంటే ఆ మేడ వచ్చింది. ఇద్దరూ అడుగు తగ్గించారు. కింద ఇప్పుడు పళ్ల డాక్టరు బోర్డుంది. ముప్పై రెండేళ్ల కింద పైఅంతస్తులో కంప్యూటర్ కోర్సు చెప్పేవారు. చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. లోపల నీలం పరదాలు, ఏసీ. సంపూర్ణ జీవితంలో మొదటిసారి ఏసీలో కూర్చున్నది అక్కడే. చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకునేది. ఒక్కో కంప్యూటరుకు మూడు కుర్చీలు. కీబోర్డు ముందు ఎవరో లాయరుగారి అబ్బాయి, మధ్యలో సంపూర్ణ, మూడో కుర్చీలో ఆదాము. వారానికొకసారి కుర్చీలు మారాలని గోడ మీద రాసి ఉండేది. లాయరుగారి అబ్బాయి లేవలేదు, లెమ్మని ఎవరూ అనలేదు. మూడో కుర్చీ నుంచి తెర సగమే కనపడేది. ఆదాము ఆ సగం చూసే నోట్సు రాసుకునేవాడు. మిగతా సగం ఆమె నోట్సులోంచి ఎక్కించుకునేవాడు. అలా మొదలైంది. నాలుగో నెలలో ఆయన తండ్రి పోయాడు, కోర్సు ఆగింది, సబ్‌స్టేషన్‌లో పని దొరికింది.

"చెప్పులు పోయినయ్ నీయి, ఒకనాడు," అంది సంపూర్ణ.

"అవ్. వట్టికాళ్లతోని బస్టాండుకు నడిచిన."

"నేను చూసిన ఆనాడు."

"చూసినవని తెలుసు. గందుకే కాలు కాలుతున్నా మెల్లగ నడిచిన."

*

వైరా రోడ్డులో కోటేష్ కంప్యూటర్ సామాన్ల దుకాణం చిన్నది. అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. కోటేష్‌కు ముప్పై లోపు ఉంటాయి. ఏన్కూరు దగ్గరి తండా తమదని మాటల్లోనే చెప్పాడు. నోటుబుక్కు అందుకుని చదివాడు. చదువుతుంటే మీసం కింద నవ్వు కదిలింది.

"'వోల్టేజి నూట అరవైకి పడ్డా బతకాలె. రేకుల ఇల్లు, మే నెలల తట్టుకోవాలె. చప్పుడు చెయ్యొద్దు. చీమలు దూరొద్దు. ఎప్పుడన్న ఒక ముక్క చెడితె గదొక్కటే మార్చుకునేటట్టుండాలె.' మేడం, గిది కంప్యూటర్ లిస్టు కాదు. పెండ్లి సంబంధం లిస్టు."

సంపూర్ణ గట్టిగా నవ్వింది. ఆదాము కూడా నవ్వాడు గాని, వెంటనే బల్ల మీదికి వంగాడు. "ముందు ఎస్ఎంపీఎస్ చూపియ్యి బాబూ."

కోటేష్ తల గోక్కున్నాడు. "అంకుల్, అందరొచ్చి ముందు ప్రాసెసర్ అడుగుతరు. లేకుంటె గ్రాఫిక్ కార్డు. కరెంటు డబ్బా ఎవరూ అడగరు, ఏదో ఒకటి ఎయ్యిమంటరు."

"ముందు కరెంటు మంచిగుండాలె. బుర్ర తర్వాత."

మూడు డబ్బాలు తీసి ముందు పెట్టాడు కోటేష్. ఆదాము ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి బరువు చూశాడు. మూడోది బరువు. పక్కనున్న అక్షరాలు అద్దాలు పైకి తోసి చదివాడు, ఎంత తక్కువ వోల్టేజికి పనిచేస్తుందో. అదే పక్కన పెట్టాడు. దాని తరువాత మిగతావి ఒకదాన్నొకటి పిలుచుకున్నట్టు వచ్చాయి. వేడెక్కని ప్రాసెసరు, బొమ్మలు చూపే పని కూడా అదే చేస్తుంది. ఇంకో రెండు ర్యామ్‌లకు చోటున్న మదర్‌బోర్డు. ఫైళ్లు దాచుకునే వేలెడంత ఎస్ఎస్‌డీ. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను. ప్రతిదానికీ ఆదాము కారణం చెప్పేవాడు, కోటేష్ పేరు చెప్పేవాడు, సంపూర్ణ కారణం ఎదురుగా పేరు రాసేది. కాసేపటికి కోటేష్ ఎగతాళి మానేసి, స్టూలు ఎక్కి పైఅరలు వెతకడం మొదలుపెట్టాడు.

ప్రాసెసరును డబ్బాలోంచే వెలుతురుకు పట్టి చూశాడు ఆదాము. "అప్పుడు గంత పెద్ద డబ్బా ముందట కూసున్నం. లోపల ఉన్నది గింతేనా?" అన్నాడు. ఆ మాట కోటేష్‌తో కాదు.

"ఇగ క్యాబినెట్ అంకుల్, గివన్నీ పెట్టే డబ్బా. దీనికి కారణం రాయలేదు."

ఆదాము పక్కకు జరిగాడు. "గది టీచరమ్మ చూస్తది."

సంపూర్ణ అద్దాలవీ, రంగు దీపాలవీ చూసి వదిలేసింది. నల్లగా, సాదాగా ఉన్నదాని ముందు ఆగింది. దాని పైన గుండ్రటి స్విచ్చుంది, బొటనవేలు సరిగ్గా పట్టేంత. ఒత్తి చూసింది. టక్కుమంది.

"గిది," అంది.

కోటేష్ స్క్రూడ్రైవర్ తీశాడు. "కూసోండ్రి అంకుల్, చాయ్ తాగేలోపు బిగిచ్చిస్త. పైసలేం వద్దు."

"వద్దు బాబూ. నేనే బిగిచ్చుకుంట."

"మీకు అలవాటు లేదు గద. ఒంట్ల కరెంటుంటది, చెయ్యి తాకితె బోర్డు పోతది. ముందుగాల ఇనుము ముట్టుకొని ఎర్తింగు..."

సంపూర్ణకు నవ్వు ఆగలేదు. "ఎర్తింగు సంగతి ఈయనకు చెప్తున్నవా నాయనా! ముప్పై ఏండ్లు సబ్‌స్టేషన్‌ల చేసిండు."

కోటేష్ నాలుక కరుచుకున్నాడు. తన ఫోన్ నంబరు నోటుబుక్కు అట్ట మీద రాసిచ్చి, వాళ్లది తీసుకుని, బస్టాండు దాకా పెట్టెలు తానే బండి మీద తెచ్చాడు. బస్సులో పెద్ద పెట్టె ఆదాము ఒళ్లో ఉంది. కొత్తగూడెం వచ్చేదాకా దాని మీద చేతులు తీయలేదు. "కింద పెట్టరాదు," అంది సంపూర్ణ. "ఉండనియ్యి," అన్నాడు.

*

సంపూర్ణ అన్నం బల్ల సగం ఆయనకు ఇచ్చేసింది. డ్యూటీలో రేకులు మార్చినప్పుడు పారేసిన పాత ఎర్ర రేకు ఒకటి ఇంట్లో ఉండేది. దానికి దారం కట్టి క్యాబినెట్ స్విచ్చుకు అడ్డంగా తగిలించాడు.

"ఎల్సీ ఎవరి పేరున?" అడిగింది సంపూర్ణ.

"ఆదాము," అన్నాడు. నోటుబుక్కులో తేదీ, టైము వేసి నిజంగానే రాశాడు.

రోజుకొక్క భాగం. తొందర లేదు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తడి పూర్తిగా ఆరినాక కూర్చునేవాడు. ప్రాసెసరు పెట్టిన రోజు ఊపిరి బిగబట్టి పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, ఆమెను పిలిచి చూపించాడు. మొదటి కుర్చీలో ఆయన, పక్కన ఆమె. పన్నెండో రోజుకు అన్నీ అయ్యాయి. పైనున్న స్విచ్చు నుంచి లోపలికి దిగే రెండు సన్నటి వైర్లు బోర్డుకు తగిలిస్తే చాలు. ఆ గురువారం వాటిని వేళ్లతో పట్టుకుని కూడా వదిలేశాడు.

"ఆదివారం, చర్చి నుంచి వచ్చినంక," అన్నాడు. "పగటి వెలుతురుల."

శుక్రవారం ఆయనది పగటి డ్యూటీ. బయ్యారం ఫీడరు మీద జైరాం మళ్లీ ఎల్సీ తీసుకున్నాడు. రెండున్నరకు పని అయ్యి, వాపసు ఇద్దామని ఫోన్ చేశాడు. మూడుసార్లు చేశాడు. ఎత్తలేదు. బండి మీద వచ్చాడు. ఆదాము కుర్చీలో గోడకు తల ఆనించి ఉన్నాడు. అద్దాలు పెట్టుకునే ఉన్నాడు. పెన్నుకు మూత ఉంది. పుస్తకంలో రెండు గంటల రీడింగు ఉంది. మూడు గంటల గడి ఖాళీగా ఉంది.

పగిడయ్య వచ్చేదాకా జైరాం ఆ రేకును ముట్టుకోలేదు. ఆయన వచ్చినాక ప్యానెల్ ముందు నిలబడి, "బయ్యారం ఎల్సీ, జైరాం, వాపసు," అన్నాడు. పగిడయ్య రాశాడు. అప్పుడు జైరాం ఏడ్చాడట. ఆదామును సమాధి తోటలో పెట్టి వచ్చినాక ఇది సంపూర్ణకు పగిడయ్యే చెప్పాడు.

మరుసటి వారం పగిడయ్య డివిజనాఫీసుకు పోయి, పాత లాగ్‌బుక్కు వెతికించి, చివరి పేజీ జిరాక్సు తెచ్చాడు. "నేను పంపకుంటె బాగుండునక్కా," అన్నాడు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. పగిడయ్య వెళ్లినాక జిరాక్సును నోటుబుక్కు పక్కన పెట్టి, దిద్దే నోట్సు చూసినట్టు వరుసగా చూసింది. పేర్లలో సగం కోటేష్ ఇచ్చినవి కావు. కారణాలు మాత్రం అన్నీ అవే, ఒక్కటీ మరిచిపోలేదు. క్యాబినెట్ దగ్గర వస్తువు పేరు లేదు. కారణం గడిలో "టీచరమ్మ ఇష్టం" అని ఉంది.

బిగించడం ఎంతదాకా వచ్చిందని కోటేష్ ఫోన్ చేశాడు. ఆదాము పోయిన సంగతీ, మిగిలిన వైర్ల సంగతీ సంపూర్ణ చెప్పింది. "మేడం, గా రెండు వైర్లు నేనొచ్చి పెడత. ఐదు నిమిషాల పని," అన్నాడు.

"ఎల్సీ ఆయన పేరున ఉంది నాయనా," అంది సంపూర్ణ.

బడి తెరిచే ఉంది. ఆమె పోయి వస్తోంది. బల్లకు ఈ చివర కూర్చుని అన్నం తింటుంది. ఆ చివర నల్లటి క్యాబినెట్ ఉంది. దాని స్విచ్చుకు అడ్డంగా ఎర్ర రేకు దారంతో కట్టి ఉంది. లోపల రెండు వైర్లు తగిలించాల్సి ఉంది.