సాయంత్రం ఫోను ప్రాక్టీసు

పెళ్లయి తణుకు నుంచి కూకట్‌పల్లి వచ్చిన ఉమాశ్రీకి ఈ ఊళ్లో భర్త శ్యామ్ తప్ప తెలిసినవాళ్లు లేరు. అతను పొద్దున్నే హైటెక్ సిటీకి వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఏదైనా ఉద్యోగానికి పనికొస్తుందని ఆమె ఆన్‌లైన్ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరింది. ఇద్దరిద్దరిని జతచేసి, రోజూ సాయంత్రం ఫోన్లో టెన్సులు ప్రాక్టీసు చేయమన్నారు. తెలుగు మాట్లాడకూడదు.

ఉమాశ్రీకి జతపడింది భాగ్యమ్మ. నానక్‌రామ్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి, సొంతింట్లోనే లేడీస్ హాస్టల్ నడుపుతోంది. ఉత్తరాది అమ్మాయిలతో మాట్లాడ్డానికి యాభై దాటాక ఇంగ్లిష్ మొదలుపెట్టింది.

"వాట్ డిడ్ యు డూ టుడే?" అని అడిగేది భాగ్యమ్మ.

పాఠంలోని ప్రశ్నే. కానీ ఉమాశ్రీని ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఐ వాష్డ్ కర్టెన్స్. ఐ స్టుడ్ ఇన్ బాల్కనీ."

"వై స్టుడ్?"

ఎందుకో చెప్పేంత ఇంగ్లిష్ ఆమె దగ్గర లేదు. "సింప్లీ," అనేది.

భాగ్యమ్మ తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. "బిఫోర్, హియర్ జొన్న చేను. ఐ రన్నెడ్."

"నాట్ రన్నెడ్. ర్యాన్."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

క్లాసులు అయిపోయాయి. ఆ సాయంత్రం ఫోను మోగలేదు. మర్నాడూ మోగలేదు. తనే చేద్దామనుకుంది. ప్రాక్టీసు లేకపోయాక ఏ వంకతో చేయాలి? టీ కలుపుకుని ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేది. టీ చల్లారిపోయేది.

చివరికొక మధ్యాహ్నం బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ వెళ్లింది. అద్దాల టవర్ల వెనక సందుల్లో అడుగుతూ హాస్టల్ పట్టుకుంది. గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతున్న పెద్దావిడ తలెత్తింది.

"రూమ్ కావాల్నా బిడ్డా?"

"కాదండీ. నేను ఉమాశ్రీని."

భాగ్యమ్మ గబుక్కున లేచి కుర్చీ వేసింది. చాయ్ ఇచ్చింది. తెలుగులో మాత్రం ఇద్దరూ కొత్తవాళ్లయిపోయారు.

"మీ ఆయన ఏం జేస్తడు? పిల్లలు గిట్ల ఉన్నరా?"

అందరూ అడిగేవే. ఉమాశ్రీ చాయ్ తాగి, వెళ్లొస్తానని లేచింది. గేటు దాకా వెళ్లి ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"ఐ వెయిటెడ్ ఫర్ యువర్ కాల్," అంది. "ఎవ్రీ ఈవెనింగ్."

భాగ్యమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఐ ఆల్సో వెయిటెడ్," అంది మెల్లగా. ఆపైన ఇంగ్లిష్ చాల్లేదు. "క్లాసులు అయిపోయినయి గద, ఇగ నాతోని నీకేం పనుంటది అనుకున్న. చేద్దామని ఫోన్ పట్టుకునుడు, మల్ల పక్కన పెట్టుడు."

"నేనూ అంతేనండీ."

"అండి గిండి ఎందుకు? లోపలికి రా, జర కూసో."

ఈసారి వంటింట్లో కింద కూర్చున్నారు. ఎదుటి మేడ మీద సాయంత్రాలు అక్కచెల్లెళ్లిద్దరు కబుర్లాడుకుంటారనీ, వాళ్లను చూస్తూ నిలబడిపోతాననీ ఉమాశ్రీ చెప్పింది. భాగ్యమ్మ కత్తిపీట పక్కకు పెట్టి విన్నది.

చీకటి పడ్డాక, ఇంటికి చేరిన శ్యామ్ ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావ్?"

"ఫ్రెండింట్లో."

"ఎవరా ఫ్రెండ్?"

ఆమె జవాబు చెప్పేలోపే పొయ్యి దగ్గర్నుంచి భాగ్యమ్మ కేకేసింది. "అన్నం తిని వస్తనని చెప్పు!"