రంగు పోయిన చీటీలు

పొద్దుటి వార్తలు అయిపోగానే, వార్తలు చదివే అమ్మాయి టీవీ స్టేషన్ గేటు దాటి వచ్చి సంలీ నూడుల్స్ బండి దగ్గర స్టూలు లాక్కుని కూర్చునేది. జుట్టు మొదలు కాలి గోళ్ళ దాకా బూడిద రంగే. పెదాలకి రాసుకున్న ఎరుపు కూడా బూడిదే.

"ఇవాళ మరీ ఇలా పాలిపోయావేంటే పిల్లా?" అని సంలీ వేడివేడి గిన్నె ముందు పెట్టేది.

"రెండు కెమెరాలు పెట్టారక్కా. సేనాపతిగారి ప్రసంగం ఉందిగా. కారం ఇంకాస్త వెయ్యి."

సైన్యం వాళ్ళ టీవీ కెమెరా దేన్ని చూస్తే దాని రంగు పోతుంది. ఆ సంగతి బ్యాంకాక్‌లో తెలియని వాళ్ళెవరు? మనిషైతే ఫర్వాలేదు. తలారా నీళ్ళు పోసుకుని ఓ నిద్ర తీస్తే రంగు తిరిగొచ్చేస్తుంది. వస్తువులకి మాత్రం పోయింది పోయినట్టే. అందుకే పాడేవాళ్ళూ ఆడేవాళ్ళూ పాత బట్టలు కట్టుకునే వస్తారు. పాపం, పొరుగూరి ఆవిడొకతె తెలీక అమ్మమ్మ కాలం నాటి ఎర్రపట్టు కట్టుకొచ్చి, పాట పాడి, గేటు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కాపలా సిపాయి కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కెమెరా పట్టేది సార్జెంట్ కేచా. పదహారేళ్ళ నుంచీ అతని మధ్యాహ్నం భోజనం సంలీ బండి దగ్గరే. మాట తక్కువ, భయం ఎక్కువ. పై అధికారి తుమ్మితే ఇతను లేచి నిలబడతాడు.

సంలీకి ఇద్దరు కొడుకులు. ఏటా ఏప్రిల్‌లో ఇరవై ఒకటి నిండిన మగపిల్లలంతా కుండలో చెయ్యిపెట్టి చీటీ తియ్యాలి. నలుపు వస్తే ఇంటికి, ఎరుపు వస్తే రెండేళ్ళు సైన్యానికి. పెద్దవాడు సంగువన్ ఎర్ర చీటీ తీశాడు. ఉత్తరాది కొండల్లోకి పోరాటానికి పంపారు. పెట్టెలో తిరిగొచ్చాడు. ఇప్పుడు చిన్నవాడు ప్రయూన్ వంతు.

"మొక్కుకున్నావా అక్కా?" అని అడిగాడు కేచా.

"వంద ఉడకేసిన గుడ్లు పెడతానన్నాను. పెద్దాడికీ వందే మొక్కాను తమ్ముడూ. ఆ దేవుడికి గుడ్లంటే పడదేమో!" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ ఏడాది మా పేటలో చీటీల తంతుని ప్రత్యక్షంగా టీవీలో చూపించాలని పైనుంచి హుకుం వచ్చింది. దేశంలో అదే మొదటిసారి. నడిపించేది మేజర్ వినిత్. ఆయన కొత్త యూనిఫాం కుట్టించాడు. ఆయన భార్య వీధినంతా తన ఇంటికే టీవీ చూడ్డానికి పిలిచింది. కేచాకి మాత్రం ఆయన ఒక్కటే చెప్పాడు. "ముఖాలు చూపించు. కుండ వైపు గానీ చీటీల వైపు గానీ కెమెరా తిప్పావో, నీ తోలు తీస్తాను."

బడి మైదానంలో ఎండ మాడుస్తోంది. కుర్రాళ్ళంతా చొక్కాల్లేకుండా, ఛాతీ మీద సిరాతో అంకెలు రాయించుకుని నిలబడ్డారు. ప్రయూన్ రక్షగా ఉంటుందని నడుముకి తల్లి లుంగీ అంచు చింపి కట్టుకున్నాడు. తాడుకి ఇవతల తల్లులు. మొదటి పదకొండు మందిలో ముగ్గురికి ఎరుపు వచ్చింది. గుమాస్తా "ఎరుపు!" అని అరిచినప్పుడల్లా ఒక తల్లి కూలిపోయేది, పక్కవాళ్ళు విసనకర్రలతో విసిరేవాళ్ళు. ఆ ముగ్గుర్నీ లారీ పక్కన కూర్చోబెట్టారు.

పన్నెండో పేరు ప్రయూన్‌ది. కుండలో చెయ్యి పెట్టాడు. తీశాడు. గుమాస్తా చీటీ విప్పాడు.

సంలీకి తాడు ఇవతల నుంచే కనబడింది. ఎరుపు. ఉన్నచోటే మట్టిలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ప్రయూన్ ముఖం మీద నిలిపిన కెమెరాలో, ఓ మూలగా, కేచాకి ఆమె కనబడింది. తోలు తీస్తానన్న మాట అతనికి గుర్తుంది. చేతులు మాత్రం కెమెరాని చీటీ మీదికి తిప్పేశాయి.

అరవబోయిన గుమాస్తా నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "సార్... ఇది ఏ రంగూ కాదండీ!"

మేజర్ పళ్ళు బిగించి, ముఖాన నవ్వు చెరగకుండా లేచాడు. బుర్ర ఉన్న మనిషే. "కుండ బోర్లించండి. ఎరుపులు ఎన్ని మిగిలాయో చూస్తే ఇదేదో తేలిపోతుంది." బల్ల మీద చీటీలు విప్పి పరిచారు. అంతలో దేశమంతా చూస్తోందని ఆయనకి గుర్తొచ్చి, ఆ హడావుడిలో తను చెప్పిన మాటే మరిచిపోయి, గొంతు సవరించుకున్నాడు. "సార్జెంట్, దగ్గరగా చూపించు! సైన్యం ఒక్క చీటీ దాచదని జనం చూడాలి."

"దగ్గరగానా సార్?"

"చెవుడా నీకు?"

"చిత్తం సార్."

కేచా కెమెరాని బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా నడిపించాడు. అది చూసుకుంటూ పోయిన ప్రతి చీటీ రంగు విడిచింది. ఎరుపులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నలుపులూ వెలిసిపోయాయి. ఎవరో ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆమెని చూసి పక్కావిడ, ఆవిడని చూసి అందరూ. మన కళ్ళముందే ఇంత జరుగుతుందా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇళ్ళల్లో టీవీ చూసేవాళ్ళకి మాత్రం ఏ తేడా తెలియలేదు. వాళ్ళ నలుపు తెలుపు తెరల మీద చీటీలు ఎప్పుడూ బూడిద రంగేగా!

టెంటులో ఫోను మోగింది. అవతల సేనాపతిగారు. "బ్రహ్మాండంగా ఉందయ్యా వినిత్! ఆపావేం? కానివ్వు, కానివ్వు."

మేజర్ ఫోను పెట్టేశాడు. కెమెరా మీద దీపం వెలుగుతూనే ఉంది. చీటీలకి రంగు పోయిందని చెబితే, పోగొట్టమని హుకుం ఇచ్చింది తనేనని కూడా చెప్పుకోవాలి. చెమట తుడుచుకున్నాడు. ప్రయూన్ వైపు చూశాడు, మట్టిలో కూర్చున్న సంలీ వైపు చూశాడు.

"నలుపు," అన్నాడు.

ఆ తర్వాత ఇంకా నూట నలభై మంది తీశారు. నూట నలభై సార్లూ ఆయన ఆ మాటే అన్నాడు. ఎవరూ కేకలు వెయ్యలేదు. గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కడ చెదిరిపోతుందోనని భయం.

ప్రయూన్ వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "లే అమ్మా, ఇంటికి పోదాం."

సంలీ వాడి బూడిద ముఖాన్ని, భుజాల్ని, ఛాతీ మీది అంకెల్ని తడిమింది. "ఉన్నావురా... ఉన్నావురా నాయనా..." అంటూ భోరుమంది.

మర్నాడు మధ్యాహ్నం కేచా బండి దగ్గరికొచ్చి గిన్నె ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"ఏం తమ్ముడూ, ఉప్పెక్కువైందా? మేజరుగారు తోలు తీస్తానన్నాడా?"

"లేదక్కా. నన్నేమంటే ఏం బయటపడుతుందోనని నోరెత్తడం లేదు." గిన్నె పక్కకి జరిపాడు. "ఆ ముగ్గురు లారీ ఎక్కేటప్పుడు ఒకడు నావైపే చూశాడు. మొదటి పేరుకే తిప్పి ఉండాల్సింది. భయపడ్డాను."

సంలీ ఫర్వాలేదనలేదు. తనూ ఓ స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"సేనాపతిగారికి తెగ నచ్చిందట," అన్నాడు కేచా. "వచ్చే ఏడు ప్రతి జిల్లాలోనూ కెమెరాలు పెట్టి చూపించాలట. కెమెరావాళ్ళకి పని నేర్పడానికి నన్నే పంపుతున్నారు."

"ప్రతి జిల్లాలోనా?"

"ప్రతి జిల్లాలోనూ అక్కా. మొదటి పేరు నుంచే."