ఊఫర్లు పెట్టిన చోటు

డోన్‌లో కార్లకు, లారీలకు పాటల పెట్టెలు బిగించేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు గాని, ఉమామహేశ్ బిగించిన బండి వీధి మొదట్లో ఆగితే వీధి చివరింట్లో గిన్నెలు కదులుతాయని పేరు. చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. చెవి మాత్రం పుట్టుకతో వచ్చింది. వేలి కణుపుతో డోరు మీద రెండుసార్లు తట్టి లోపల ఎంత ఖాళీ ఉందో, ఎక్కడ రేకు పలచబడిందో చెప్పేవాడు.

అట్లాంటివాడిని కడపలో ఉండే సుదర్శన్ తన పడవలో పాటల పెట్టెలు బిగించడానికి పిలిపించాడు. సుదర్శన్‌వాళ్లది తాతల నాటి బట్టల వ్యాపారం. అంగట్లో కూర్చోవడం అతనికి పడలేదు. పెన్న మీది జలాశయంలో జనాన్ని తిప్పాలని గోవా నుంచి పాత స్పీడుబోటొకటి లారీ మీద తెప్పించాడు. పన్నెండు మంది కూర్చోవచ్చు. తెల్లటి ఒంటికి ఎర్రచారలు. నీళ్ల గట్టున, రేకుల షెడ్డు పక్కన, చక్రాల చట్రం మీద నిలబెట్టి ఉంది.

ఉమామహేశ్ పడవనెక్కడం అదే మొదలు. వాళ్ల ఊళ్లో నీళ్లంటే బోరు నీళ్లే. ఈత రాదు. కానీ ఆ పడవ చుట్టూ తిరిగి తట్టి చూస్తుంటే అతనికి భయం కలగలేదు, ఆశ పుట్టింది. ఫైబరు ఒళ్లు ఒక్కోచోట ఒక్కో రకంగా పలుకుతోంది.

దరువు అదిరించే పెద్ద స్పీకర్లు, పన్నెండంగుళాల ఊఫర్లు, రెండు పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నదే తేలలేదు. ముక్కువైపు పెడదామా అంటే, పడవ వేగమందుకున్నప్పుడు అలల దెబ్బంతా అక్కడే తగులుతుందనీ, నెల తిరక్కుండా అయస్కాంతాలు ఊడి వస్తాయనీ ఉమామహేశే వద్దన్నాడు. వెనక సీటు కింద వేరే చెక్కపెట్టె చేసి పెడితే మంచిదన్నాడు. పడవను ఎక్కడా కొయ్యక్కర్లేదు, నీళ్లకు ఎత్తులో ఉంటాయి. సుదర్శన్ ఒప్పుకోలేదు. పెట్టె ముందుకొస్తే కాళ్లకు చోటుండదు, ఇద్దరి సీట్లు పోతాయి.

మిగిలింది వెనక మూలలు. ఇంజనుకు అటూ ఇటూ మూతలు లేని, నాలుగువైపులా మూసేసిన రెండు అరలున్నాయి. ఉమామహేశ్ తట్టి చూశాడు. నిండు బస్తాను తట్టినట్టు మొద్దుగా పలికింది. డ్రిల్లుతో వేలంత రంధ్రం చేస్తే మొనకు పసుపుపచ్చ ఫోమ్ చుట్టుకుని వచ్చింది. అట్టడుగున ఇంకో రంధ్రం చేస్తే వచ్చిన ఫోమ్ చెమ్మగా ఉంది. పడవ గట్టెక్కి రెండు నెలలయింది. ఎండకు మనుషులే ఎండిపోతున్న చోట ఆ చెమ్మ ఎట్లా నిలిచిందని అతనికి తట్టకపోలేదు.

ఆ మాటే సుదర్శన్‌తో అంటే, కడిగిన నీళ్లయి ఉంటాయని కొట్టిపారేశాడు.

"ఆ ఫోమంతా తీసేస్తే లోపల ఎంత జాగా వస్తాది?" అని అడిగాడు.

ఉమామహేశ్ లెక్క కట్టాడు. అతను జీవితంలో చెక్కతో చేసిన ఏ పెట్టెకూ రానంత జాగా. చెక్కలా నానదు, రేకులా గలగలలాడదు. అందులో ఊఫరు పెడితే ధ్వని ఎట్లా ఉంటుందో అతనికి అప్పుడే గుండెల్లో వినిపించింది. వద్దనాల్సిన మనిషి నోరు మూసుకున్నాడు.

ఒకరోజంతా కత్తితో, పారతో ఆ ఫోమ్ తవ్వి తీశాడు. తీసినకొద్దీ వస్తోంది. గట్టున కుప్ప పోస్తే గొర్రె ఎత్తు లేచింది. గాలికి తునకలు లేచి నీళ్లమీద పడి, మునగకుండా తేలుకుంటూ పోయాయి.

పడవ నడపడానికి సుదర్శన్ పెట్టుకున్న మనిషి ఓబులేష్. నలభై దాటాయి. తండ్రి కాలం నుంచి పెన్నలో పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ మీద చేపలు పట్టిన కుటుంబం. అతను కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక తునక చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఊరికే పెట్టింటారా అన్నా?" అన్నాడు.

"సద్దు రాకుండా పెట్టింటారులే," అన్నాడు ఉమామహేశ్. అది అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు.

ఓబులేష్ తునకను కుప్పలో వెయ్యకుండా జేబులో పెట్టుకుని లేచాడు.

యాంప్లిఫయరుకు తడి తగలని చోటు కావాలి. పడవ మొత్తం మీద అట్లాంటిది ఒకటే ఉంది, నడిపేవాడి సీటు పక్కన లైఫ్ జాకెట్లు పెట్టే అర. ఉమామహేశ్ వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి షెడ్డులో కొక్కేలకు తగిలించాడు. నాలుగు రోజుల్లో వాటికి ముందువైపు వేరే పెట్టె చేయిద్దామన్నాడు సుదర్శన్. ఊఫర్లకు కరెంటు చాలదని ఇంకో బ్యాటరీ తెచ్చి, దాన్నీ వెనకే పెట్టారు.

శనివారం పడవను నీళ్లలోకి దించారు. లోపల చేరిన నీళ్లు బయటికి పోవడానికి వెనక గోడలో ఒక గొట్టం రంధ్రం ఉంది. మునుపు అది నీటిమట్టానికి జానెడు పైన ఉండేదట. ఓబులేష్ మోకాటిలోతు నీళ్లలో నిలబడి, రంధ్రం కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు. తీసి మళ్లీ పెట్టి చూశాడు. నాలుగు వేళ్లే. తలెత్తి ఉమామహేశ్ వైపు చూశాడు. ఉమామహేశ్ వైర్లు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

తర్వాత పాట పెట్టారు.

పదిహేనేళ్ల పనిలో అతను అట్లాంటి ధ్వని వినలేదు. చెవితో వినేది కాదది, కాళ్లకింద నుంచి ఎక్కేది. అవతలి గట్టు మీద కొంగలు ఒక్కసారిగా లేచాయి. పడవ చుట్టూ నీళ్ల మీద సన్నటి గీతలు వలయాలుగా లేచి వణికాయి. సుదర్శన్ అతన్ని కావలించుకున్నాడు. ఓబులేష్ మాత్రం ఆ గీతలను చూస్తూ గట్టునే నిలబడిపోయాడు.

ఆదివారం సాయంత్రం మొదటి తిరుగుడు. సుదర్శన్, అతని భార్య, స్నేహితులు ఎక్కారు. ధ్వని సరిచెయ్యడానికి ఉమామహేశ్‌నూ ఎక్కమన్నారు. ఓబులేష్‌తో కలిపి మొత్తం పదకొండు మంది. షెడ్డులో జాకెట్లు వేలాడుతూనే ఉన్నాయి. ఓబులేష్ పోయి రెండు తెచ్చి ఒకటి సుదర్శన్ భార్యకిచ్చాడు, రెండోది తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. మిగతావి కూడా తెస్తానంటే, అరగంట తిరుగుడుకు అవన్నీ ఎందుకని సుదర్శన్ విసుక్కున్నాడు.

స్నేహితుల్లో జయరాజ్ అని ఒకడుండేవాడు. కడపలో బండలు పాలిష్ పట్టే మిల్లు చూసుకుంటాడు. భారీ మనిషి, నవ్వుముఖం. వచ్చీ రాగానే వెనక ఊఫరుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఏమప్పా, ఎముకలకంతా మాలీష్ చేసినట్టుండాది. నువ్వు చేసిన పనేనా ఇది?" అన్నాడు ఉమామహేశ్‌తో. ఉమామహేశ్‌కు ఆ మాట చల్లగా తగిలింది. జయరాజ్‌ను చూసి మరో నలుగురు వెనక్కి చేరారు.

పడవ నడిమధ్యకు పోయింది. గట్టు మీది షెడ్డు అగ్గిపెట్టెంత అయింది. నీళ్లకింద మునిగిన ఊరి కరెంటు స్తంభమొకటి, తల మాత్రం బయటపెట్టి ఒంటరిగా నిలబడి ఉంది. ఓబులేష్ దానికి దూరంగా తిప్పాడు. తిప్పినప్పుడు పడవ మునుపటంత చురుగ్గా తిరగలేదు. నీళ్లు తాగిన ఎద్దులా ఒళ్లు విరుచుకుంటూ తిరిగింది.

అప్పుడే ఉమామహేశ్‌కు ధ్వనిలో తేడా వినిపించింది.

దెబ్బ లోతు తగ్గింది. గట్టిపడింది. డప్పు తోలును ఎవరో కొంచెం కొంచెంగా బిగిస్తున్నట్టుంది. బ్యాటరీ దిగుతోందేమోనని మీటరు చూశాడు. సరిగ్గానే ఉంది. యాంప్లిఫయరు మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగానే ఉంది. ఇంకో పాట మొదలయ్యేసరికి ధ్వని ఇంకాస్త గట్టిపడింది. పెట్టె చిన్నదయితే వచ్చే ధ్వని అది. పెట్టె తనకు తాను చిన్నదెట్లా అవుతుంది?

ఆ ప్రశ్నకు జవాబుగా చెమ్మగా వచ్చిన ఫోమ్ గుర్తొచ్చింది. అడుగున ఎక్కడో చీలిక ఉంది.

జయరాజ్‌ను కొంచెం జరగమని, మోకాళ్ల మీద కూర్చుని, వెనక అర గోడను పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. పైన డొల్ల. ఇంకాస్త కింద డొల్ల. ఊఫరు అంచుకు రెండు వేళ్ల కింద మొద్దు. అక్కణ్ణుంచి అడుగుదాకా మొద్దే. రెండోవైపూ అంతే.

లేచి, తూలుతూ ముందుకుపోయి ఓబులేష్ చెవిలో చెప్పాడు.

"వెనక అరల్లో నీళ్లు నిండుతాండాయి. సగం దాటినాయి."

ఓబులేష్ వెనక్కి తిరిగి చూడలేదు. కళ్లు గట్టు వెంట పోయాయి. "ఇప్పుడు ఆపితే మన వెనకొచ్చే అల మన మీదికే ఎక్కుతాది," అన్నాడు మెల్లగా. "ఇదే ఊపున గట్టు కొట్టాల. వెనకుండేవాళ్లను ముందుకు పంపించన్నా. ఒక్కొక్కరిని. పరిగెత్తనీయొద్దు."

పాటల మధ్య ఉమామహేశ్ మాట ఎవరికీ వినబడలేదు. రెండుసార్లు చెప్పి చూసి, యాంప్లిఫయరున్న అర తెరిచి ఫ్యూజు లాగేశాడు.

పాట ఒక్కసారిగా ఆగిపోయింది. ఇంజను మోత మిగిలింది. దాని కింద, వాళ్ల కాళ్లకింద, నీళ్లు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దొర్లుతున్న చప్పుడు. అది పదకొండు మందికీ వినిపించింది. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేదని ఉమామహేశ్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఒక్కొక్కరూ సీట్లు పట్టుకుని ముందుకు కదిలారు. జయరాజ్ తన పక్కవాళ్లను పంపిస్తూ చివరికి మిగిలాడు. గట్టు ఇంకా రెండు వందల గజాలుంది. అప్పుడు సుదర్శన్ భయం ఆపుకోలేక, నిలిపెయ్యి నిలిపెయ్యి అంటూ ఓబులేష్ చేతిమీద పడి వేగం మీట వెనక్కి లాగేశాడు. పడవ ముక్కు దిగింది. ఓబులేష్ అతన్ని ఒక్క తోపు తోసి మళ్లీ మీట నెట్టేలోపే వెనకనుంచి అల వచ్చింది. ఎత్తైన అల కూడా కాదు. మెల్లగా, చాప పరిచినట్టు, వెనక గోడ దాటి లోపలికి వచ్చింది. వెనకభాగం దానితోపాటే కిందికి పోయింది.

ఓబులేష్ తన కాళ్ల దగ్గరి జాకెట్టు ఉమామహేశ్ మెడలో వేశాడు. ఎప్పుడు వేశాడో ఉమామహేశ్‌కు తెలియదు. నీళ్లలో పడ్డాక తేలుతుంటే తెలిసింది. ముక్కు కొంచెంసేపు పైకే నిలిచింది. ఏడుగురు దాన్నే పట్టుకున్నారు. చేపలవాళ్ల పుట్టిలు రెండు వచ్చి అందినవాళ్లను ఎక్కించుకున్నాయి. గట్టు మీద లెక్క పెడితే పది మందే తేలారు. జయరాజ్‌ను ఇంకో గంటకు, పొద్దు వాలుతుండగా, వలేసి తీశారు.

మరునాడు ఉమామహేశ్ డోన్ చేరేసరికి ఫోన్ మోగింది. సుదర్శన్. గొంతు బొంగురుగా ఉంది గాని మాట తడబడలేదు. ఓబులేష్ పడవను మునిగిన స్తంభానికి కొట్టించాడని తామందరూ పోలీసులకు చెప్పామనీ, అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టారనీ చెప్పాడు.

"నీ పేరు యాడా రానియ్యలేదు. నువ్వు గమ్మునుండు, సాలు," అన్నాడు.

ఉమామహేశ్ రెండు రోజులు గమ్మునే ఉన్నాడు. షాపు తియ్యలేదు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. మూడో రోజు భార్య శివలీల తలుపుకు అడ్డంగా కూర్చుని, ఏం జరిగిందో చెప్పేదాకా లేవనంది. చెప్పాడు. ఫోమ్ తవ్విన సంగతి, చెమ్మ సంగతి, నాలుగు వేళ్ల సంగతి, జాకెట్ల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె అప్పుడు లేచి తలుపు వదిలింది.

"ఆయప్పకు పిల్లోళ్లుండారా?" అంది.

"ఎవురికి?"

"నీకు జాకెట్టేసినాయప్పకు."

ఉన్నారో లేదో అతనికి తెలియదు. అడగనైనా అడగలేదు. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

స్టేషన్లో మొదట ఎవరూ నమ్మలేదు. ఎవరో పంపిస్తే వచ్చాడనుకున్నారు. ఆ పొద్దున్నే పడవను బయటికి లాగి గట్టున పడేసి ఉంటే, తనను అక్కడికి తీసుకుపొమ్మన్నాడు. ఎస్సై చూస్తుండగా ఎనిమిది స్క్రూలు విప్పి ఊఫరు బయటికి లాగాడు. లోపలినుంచి ఒండ్రునీళ్లు భళ్లున వచ్చి వాళ్ల చెప్పులు తడిపాయి. ఆ నీళ్లు ఆగడానికి చాలా సేపు పట్టింది. పడవ ఒంటి మీద స్తంభం తగిలిన గాటు వెతికితే ఎక్కడా కనబడలేదు.

ఓబులేష్‌ను ఆ సాయంత్రమే వదిలారు. అతను ఉమామహేశ్ పక్కనుంచే నడిచిపోయాడు గాని పలకరించలేదు. కేసులో మొదటి పేరు సుదర్శన్‌ది, రెండోది ఉమామహేశ్‌ది. షాపు అమ్మేశాడు. ఇప్పుడు మోటారు స్టార్టర్లు బాగుచేస్తూ, వాయిదా పడ్డప్పుడల్లా కడప పోయి వస్తున్నాడు.

మూడో వాయిదా రోజున కోర్టు వరండాలో ఒకామె అతని పక్కనే బల్ల మీద కూర్చుంది. జయరాజ్ అక్క, శివజ్యోతి. తిడుతుందనుకున్నాడు. కొడుతుందనీ అనుకున్నాడు.

"మావోనికి పాటలంటే పానం," అందామె, ఎదురుగా గోడవైపే చూస్తూ. "ఆకర్న ఏం పాట వస్తాండె?"

ఉమామహేశ్ ఎంతో ఆలోచించాడు. ఆ సాయంత్రం మోగిన ప్రతి దెబ్బా చెవిలో ఉంది. ఎప్పుడు గట్టిపడిందో, ఎంత గట్టిపడిందో చెప్పగలడు. పాట మాత్రం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"నేను పాట ఇనలేదక్కా," అన్నాడు.

ఆమె తలూపింది. లోపలినుంచి జవాను కేసు నంబరు పిలిచాడు. ఇద్దరూ లేచారు.