పచ్చతెరకు పసుపు

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. భోగాపురం దగ్గర మా పాలెంలో గోవింద్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. పెళ్ళి వీడియోలు తీసి బతుకుతున్నాను. సొంతంగా పొట్టి సినిమా తీద్దామని రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మధ్యలో వదిలేశాను. ఇది మూడోది. సోమవారంలోగా పోటీకి పంపాలి. ఇదీ ఆగిపోతే ఇక సినిమా ఊసెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మిగిలింది ఒక్క సీను. ఆమదాలవలస స్టేషన్లో తమ్ముడి కోసం ఎదురుచూసిన అక్క, రైలు కదిలిపోయాక వెనక్కి తిరుగుతుంది. అక్కడ షూటింగుకి అనుమతి దొరకలేదు. అందుకని రైలునీ ప్లాట్‌ఫారాన్నీ విడిగా ఫోన్లో తీసుకొచ్చుకున్నాను. అక్క వేషం వేసే హేమ వెనక ఆకుపచ్చ తెర కట్టి తీస్తే, కంప్యూటర్లో ఆ ఆకుపచ్చ తీసేసి, అక్కడ స్టేషన్ పెట్టొచ్చు.

తెర కొనే స్తోమత నాకు లేదు. నీళ్ళ పైపులు కోసి, మూలలకి ఎల్బోలు తగిలించి చట్రం చేశాను. ఊడదీస్తే స్కూటర్ మీద పట్టుకుపోవచ్చు. విజయనగరంలో రెండు పన్నాల ఆకుపచ్చ గుడ్డ కొని, అతికి కుట్టమని దానమ్మత్తకిచ్చాను. ఆమె మా నాన్న చెల్లెలు, జాకెట్లు కుడుతుంది. గాలికి గుడ్డ నిలవదేమోనని నేను దిగులుపడుతుంటే, ఆమె భర్త లక్ష్ముడు మావ వల అడుగున కట్టే సీసం గుళ్ళు గుప్పెడు తెచ్చి, కింది మడతలో వేసి కుట్టించాడు. వేటకెళ్ళే మనిషికి సినిమా సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. గుడ్డ మాత్రం గోడలా నిలబడింది.

ఆదివారం పొద్దున్నే హేమ వచ్చింది. రొయ్యల కంపెనీలో ఆమెకి దొరికింది పగటిపూట సెలవే, నాలుగింటికల్లా వెళ్ళిపోవాలి. అత్త వాకిట్లో తెర కట్టి కెమెరాలోంచి చూస్తే గుడ్డ మీద పసుపు మచ్చలు. అత్త కుట్టేముందు ఒక్కో పన్నాకి నాలుగు మూలలా పసుపు పెట్టింది. రెండూ అతికేసరికి పైనున్న రెండు మచ్చలు సరిగ్గా మధ్యకొచ్చి హేమ నెత్తిమీద కూర్చున్నాయి. కంప్యూటర్లో ఆకుపచ్చ పోయినా అవి పోవు.

అందరి ముందూ అరిచేశాను. నా సినిమా ముంచేశావన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది.

“కొత్త గుడ్డ కదరా. పసుపెట్టకుండా ఎలాగ కడతాం?” అని మాత్రం అంది అత్త. లోపలికెళ్ళిపోయింది.

నేను సబ్బు తెచ్చి మచ్చల్ని రుద్దాను. పసుపు కాస్తా ఎర్రగా మారి ఇంకా వెడల్పయింది. నేను అక్కడే కూలబడ్డాను. వల బాగుచేసుకుంటున్న మావ తలెత్తకుండానే అన్నాడు.

“నా పెతీ కొత్త వలకీ మీ అత్త పసుపెడతాది. ముప్పై ఏళ్ళు ఏటకెల్లేను. పెతీసారీ ఇంటికొచ్చేను. ఇంకేటి సెప్పను నీకు?”

లేచి లోపలికెళ్ళాను. అత్త మిషను ముందు ఊరికే కూర్చునుంది. తప్పయిపోయింది అత్తా అన్నాను. సబ్బు పెడితే ఎర్రబడిందనీ చెప్పాను.

“పసుపుకి సబ్బెట్టీసేవా? మంచి నీల్లతో జాడించి ఎండలో ఎడితే అదే పోతాది,” అంటూ చేతులు దులుపుకుని లేచింది.

నాలుగు బిందెల నీళ్ళతో జాడించింది. తడి గుడ్డనే చట్రానికి కట్టించి ఎండకేసి తిప్పింది. పొద్దుతో పాటు తెరనీ తిప్పుతూ, అన్నానికి కూడా లేవకుండా అక్కడే కూర్చుంది. సీసం గుళ్ళ బరువుకి గుడ్డ ఇస్త్రీ చేసినట్టు ఆరింది. మూడయ్యేసరికి మచ్చలెక్కడున్నాయో నాకే తెలియలేదు. హేమని తెర ముందు నిలబెట్టి, రైలు వెళ్ళిపోయిందన్నాను. హేమ వెనక్కి తిరిగింది. ఆ ఒక్క తిరగడంతో నా సినిమా పూర్తయింది. సోమవారం పొద్దున్నే పంపాను.

బహుమతి వస్తుందో రాదో ఇంకా తెలియదు. సినిమా చివర పేర్లలో అందరికంటే ముందు దానమ్మ, లక్ష్ముడు అని వేశాను. అంతటితో ఆ రుణం తీరదని తెలుసు. వాళ్ళు నా మనుషులైనందుకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

మొన్న రెండో తెరకి గుడ్డ కొన్నాను. కత్తెర పడకముందే అత్త దగ్గరికి తీసుకెళ్ళి, పసుపెట్టమన్నాను. ఆమె గిన్నె పట్టుకుని నా మొహంలోకి చూసింది.

“ఎక్కడెట్టమంటావురా?”

గుడ్డ కింది అంచు మడిచి, మావ గుళ్ళు పడే చోటు చూపించాను.